ఇంట్లో కుక్క, పిల్లి స్నానం: ఎక్కడ తేడా కొడుతోంది?

మా తిరుపతిలో ఎవరింట్లో కుక్కకు దురద పట్టినా "ఏ షాంపూ మంచిది?" అనే అడుగుతారు. నేను మాత్రం ముందు రెండు మాటలు అడుగుతాను: తడిపే ముందు దువ్వారా? తర్వాత పూర్తిగా ఆరబెట్టారా? చాలా సమస్యలు అక్కడే దొరికిపోతాయి.

స్నానం చేయించిన మర్నాడే వాసన

పైబొచ్చు ఆరినా అడుగుబొచ్చు తడిగానే ఉండిపోతుంది. ఆ తడిలో ఈస్ట్, బ్యాక్టీరియా పెరుగుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ వానలు పట్టుకుంటే బట్టలే రెండు రోజులు ఆరవు, ఇక బొచ్చు సంగతి చెప్పాలా? ఒకసారి మా ల్యాబ్రడార్‌కి తడి బెల్టు తీయడం మర్చిపోయాం. రెండో రోజు మెడ కింద బొచ్చు పాయ తీసి చూస్తే రూపాయి బిళ్ళంత ఎర్రటి పుండు, చేతికి జిగటగా తగిలింది. పాపం, అది నొప్పి బయటికి చెప్పుకోలేదు కదా. అందుకే ఇప్పుడు బెల్టు తీసేశాకే స్నానం. టవల్‌తో రుద్దకుండా అద్దుతాను. చంకలు, పొట్ట, వేళ్ళ సందులు వేలితో విడదీసి చూస్తాను. తర్వాత ఫ్యాను, కావాలంటే చల్లగాలి పెట్టిన డ్రయ్యరు.

వాసన చెవిలోంచి వస్తుంటే, తల విదిలిస్తుంటే మాత్రం ఇయర్ బడ్ పెట్టకండి. డాక్టర్‌కి చూపించండి.

స్నానం తర్వాత పొట్టు, గోకుడు

మన షాంపూ వాడుతున్నారేమో చూడండి. మన చర్మం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5.5 దగ్గర ఉంటే, కుక్కది అంతకంటే ఎక్కువ, 7కి దగ్గరగా ఉంటుంది. మన షాంపూతో దాని చర్మం ఎండిపోతుంది. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే నురగ కూడా ఓ పట్టాన పోదు, ఇంకో రెండు చెంబులు ఎక్కువే పోయండి. చాలా కుక్కలకు నెలకోసారి స్నానం చాలు. పిల్లికి అదీ అక్కర్లేదు.

పిల్లి బొచ్చు ఉండలు కట్టడం

ఉండ ఉండగానే తడిపితే ఇంకా బిగుసుకుంటుంది. అందుకే దువ్వడమే ముందు. ఉండ మొదట్లో, చర్మానికి ఆనుకుని రెండు వేళ్ళతో పట్టుకోండి, అప్పుడు చర్మం లాగదు. చిటికెడు కార్న్‌ఫ్లోర్ చల్లి, కొస నుంచి మొదలుకి వేళ్ళతోనే కొంచెం కొంచెం విడదీయండి. కత్తెర వద్దు. పిల్లి చర్మం పల్చన, ఉండతోపాటు పైకి లేచి కత్తెరలో పడుతుంది. వయసు మళ్ళిన పిల్లికి నడుము మీదే ఉండలు కడుతుంటే కీళ్ళనొప్పితో అక్కడికి నాలుక అందడం లేదేమో డాక్టర్‌ని అడిగి తెలుసుకోండి.

ఎంత ఏరినా పిడుదులు

ఏరినవి పోతున్నాయి, ఇల్లు మిగిలిపోతోంది. ఆడ పిడుదు రక్తం తాగి రాలిపోయి, గోడ పగుళ్ళలో వేల గుడ్లు పెడుతుంది. కాబట్టి పరుపు ఉతకాలి, పగుళ్ళు పూడ్చాలి, కుక్కకు డాక్టర్ రాసిన మందు వేయాలి. ఏరేటప్పుడు చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగండి. కిరోసిన్, ఫినైల్, కర్పూరం జోలికి పోకండి, ఒళ్ళు నాకి కడుపులోకి తీసుకుంటాయి. కుక్క మీద వేసే పెర్మెత్రిన్ అనే పిడుదుల మందు పిల్లి ప్రాణం తీస్తుంది, ఇంట్లో రెండూ ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పండి.

కుక్క తిండి మానేసి, జ్వరంతో, చిగుళ్ళు పాలిపోయి ఉంటే ఆ రోజే తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించండి. పిడుదులు తెచ్చే జ్వరం ప్రాణాంతకం కావచ్చు. తిరుపతిలో వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి ఉండడం మన అదృష్టం.

గోరు కత్తిరిస్తే రక్తం

లోపలి రక్తనాళం తెగింది. కార్న్‌ఫ్లోర్ అద్ది కొన్ని నిమిషాలు గట్టిగా నొక్కి పట్టండి, టెన్షన్ పడకండి. తెల్ల గోరులో గులాబీ రంగు కనిపిస్తుంది, దానికి ముందే ఆగాలి. నల్ల గోరైతే పల్చని చెక్కల్లా తీస్తూ, మధ్యలో చిన్న ముదురు చుక్క కనబడగానే ఆపేయండి. ఒక్క కాలే అయినా ఆ పూటకి చాలు, మిగతావి రేపు.