మన నెల్లూరు, ప్రకాశం వేడిలో ఉల్లిపూలు పూయించడం ఎలా?

నడుము ఎత్తు కాడ, దాని కొసన ఊదా రంగులో గుండ్రటి పూగుత్తి. విదేశీ తోటల వీడియోల్లో ఈ పువ్వును చాలామంది చూసే ఉంటారు. మొక్క పేరు అల్లియం. మనం రోజూ కూరలో వేసుకునే ఎర్రగడ్డ, తెల్లగడ్డ కూడా ఆ జాతివే. ఈ మధ్య ఆన్‌లైన్‌లో వీటి గడ్డలు అమ్ముతున్నారు. కొనేవాళ్లలో మన జిల్లాల వాళ్లూ ఉన్నారు. నాటుతారు, ఆకులు వస్తాయి, పువ్వు మాత్రం రాదు. ఎరువు చాలలేదేమోనని ఇంకాస్త వేస్తారు. అసలు లోటు ఎరువుది కాదు, చలిది.

అల్లియం గడ్డ నుంచి పువ్వు రావాలంటే దానికి కొన్ని వారాల పాటు చలి తగలాలి. జైగాంటియం లాంటి పెద్ద రకాలు మధ్య ఆసియా కొండ ప్రాంతాలకు చెందినవి. అక్కడ చలికాలమంతా గడ్డ మంచు కింద ఉండి, ఎండలు మొదలయ్యాక పూస్తుంది. నెల్లూరులో జనవరి తెల్లవారుజామున కూడా చలి 20 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఒంగోలులోనూ పెద్ద తేడా ఉండదు.

రెండో చిక్కు వానతో. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి. చిత్త, స్వాతి కార్తెల నుంచి తుఫాన్లతో కలిపి డిసెంబర్ దాకా పడుతూనే ఉంటాయి. చలి దేశాల వాళ్లు అల్లియం గడ్డలు నాటేది సరిగ్గా ఆ నెలల్లోనే. వాళ్ల క్యాలెండర్ చూసి ఇక్కడ అక్టోబర్‌లో నాటితే గడ్డ తడి మట్టిలో కుళ్లిపోతుంది.

ఈ రెండు చిక్కులకూ ఒకే దారి ఉంది. వానలు పడే నెలల్లో గడ్డను ఫ్రిజ్‌లో ఉంచి చలి చూపించాలి. వానలు తగ్గాక డిసెంబర్‌లో కుండీలో పెట్టాలి. ఎండలు ముదిరేలోపు, అంటే ఫిబ్రవరి, మార్చిలో పువ్వు చూడాలి.

ఏ గడ్డతో మొదలుపెట్టాలి?

మొదటి ఏడాది ఖరీదైన గడ్డల జోలికి వెళ్లొద్దనే నా సలహా. కూరగాయల అంగట్లో దొరికే ఎర్రగడ్డే తీసుకోండి. ఉల్లి రెండేళ్ల పంట. మొదటి ఏడు గడ్డ కడుతుంది, ఆ గడ్డను మళ్లీ నాటితే పువ్వు, విత్తనం ఇస్తుంది. విత్తనం కోసం ఉల్లి వేసే రైతులు చేసే పని ఇదే. పైగా మన దేశపు ఉల్లి రకాలకు చలి దేశాల రకాలంత చలి అవసరం లేదు. పువ్వు తెల్లగా ఉంటుంది. ఒక్కో రేకు మీద సన్నటి ఆకుపచ్చ గీత, ఒక్కో గుత్తిలో వందల కొద్దీ చిన్న పూలు. ఇంత అందమైన పువ్వు మన వంటింటి బుట్టలోనే ఉందని చాలామందికి తెలియదు.

గట్టిగా, బరువుగా, పొర ఊడకుండా ఉన్న 60 నుంచి 80 గ్రాముల గడ్డలు ఏరుకోండి. చిన్న గడ్డకు పువ్వు తేవడానికి సత్తువ చాలదు. మెడ సన్నగా, బాగా ఎండి ఉండాలి. మెడ దగ్గర నొక్కితే మెత్తగా తగిలిన గడ్డ, అడుగున నల్లటి బూజు ఉన్న గడ్డ వద్దు. సాంబారులో వేసే చిన్న ఉల్లి దీనికి పనికిరాదు, అది పిలకలు వేసి గుబురు కడుతుందే గాని పూయడం అరుదు.

ఊదా రంగే కావాలంటే పర్పుల్ సెన్సేషన్ లాంటి రకాల గడ్డలు తెప్పించుకోవాలి. నీలం, ఎరుపు, నారింజ రంగుల్లో నిగనిగలాడే ఫోటోలు పెట్టి విత్తనాలు అమ్మేవాళ్లను నమ్మొద్దు. విత్తనం నుంచి మొదలుపెడితే పువ్వు రావడానికి ఏళ్లు పడుతుంది. గడ్డలే కొనండి. అవి కూడా ఇక్కడ ఒక్క ఏడాది పూస్తే చాలనుకుని కొనండి, మన ఎండాకాలం దాటి మళ్లీ పూయడం కష్టం.

ఫ్రిజ్‌లో పెట్టడం

ఎర్రగడ్డలైతే అక్టోబర్ మొదటి వారంలో లోపల పెట్టి, డిసెంబర్ మొదట్లో తీయండి. ఎనిమిది వారాలు వస్తుంది. తెప్పించుకున్న అల్లియం గడ్డలకు పన్నెండు వారాలకు తగ్గకుండా ఉండాలి. అందుకే వాటిని చేతికి అందిన రోజే ఫ్రిజ్‌లోకి చేర్చండి.

పెట్టాల్సింది కింద కూరగాయల అరలో, ఫ్రీజర్‌లో కాదు. గడ్డకడితే లోపలి పొరలు చచ్చిపోతాయి. పాలిథిన్ కవరులో కట్టొద్దు, చెమ్మ పట్టి బూజు వస్తుంది. కాగితం సంచిలో వేసి, చిన్న చిన్న రంధ్రాలున్న డబ్బాలో ఉంచండి. పాలకు, పెరుగుకు ఉల్లి వాసన అంటకుండా ఉండటానికి కూడా ఇదే మేలు.

ముఖ్యమైన జాగ్రత్త ఇంకొకటి ఉంది. ఆ అరలో ఆపిల్, మామిడి, పండిన టమోటా పెట్టొద్దు. పండే కాయల నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది, అది గడ్డ లోపలి పూమొగ్గను పాడుచేస్తుంది. ఇన్ని వారాలు కష్టపడి చలి చూపించాక మొగ్గ లోపలే మాడిపోతే ఏం లాభం? ఇంట్లో అందరికీ ఈ మాట ముందే చెప్పి ఉంచండి. పదిహేను రోజులకోసారి డబ్బా తెరిచి చూడండి. మెత్తబడిన గడ్డ తీసేయండి. ఆకుపచ్చ మొలక కనిపిస్తే టెన్షన్ పడొద్దు, అది మంచిదే.

మట్టి, కుండీ

పన్నెండు అంగుళాల కుండీలో నాలుగు ఎర్రగడ్డలు పడతాయి. రెండు వంతుల ఎర్రమట్టి, ఒక వంతు ఏటి ఇసుక, ఒక వంతు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మికంపోస్ట్, గుప్పెడు వేపపిండి కలపండి. అడుగున రంధ్రం మూసుకుపోకుండా పెంకు ముక్క పెట్టండి. టంగుటూరు వైపు నల్లరేగడి ఉన్నవాళ్లు ఇసుక ఇంకాస్త పెంచాలి, ఆ మట్టి ఒకసారి తడిస్తే ఓ పట్టాన ఆరదు. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో మట్టే ఇసుక కాబట్టి వేరే ఇసుక అక్కర్లేదు, ఎరువు ఎక్కువ కలపండి. సముద్రపు ఇసుక మాత్రం ఎంత కడిగినా వాడొద్దు.

నాటడం

డిసెంబర్‌లో ఆకాశం తేటపడ్డాక నాటండి. ఎర్రగడ్డ పైభాగం పావు వంతు కోసేస్తే మొలక త్వరగా వస్తుంది. కోసిన చోట పొయ్యి బూడిదో, పసుపో అద్ది ఒక పూట నీడలో ఆరనివ్వండి. ఫ్రిజ్‌లోనే మొలకెత్తిన గడ్డను కోయొద్దు. వేర్ల వైపు కిందికి ఉండేలా, గడ్డ తల మట్టి మట్టానికి వచ్చేలా పెట్టి చుట్టూ అదమండి. గడ్డకూ గడ్డకూ జానెడు లోపు ఎడం చాలు. తెప్పించుకున్న అల్లియం గడ్డలను కోయకూడదు, వాటి మీద నాలుగు వేళ్ల లోతు మట్టి ఉండాలి.

మొదటి మూడు వారాలు కుండీని పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోట ఉంచండి. ఫ్రిజ్‌లోంచి తీసిన గడ్డను ఒక్కసారిగా మిద్దె మీద మండే ఎండలో పెడితే, అప్పటిదాకా తగిలిన చలి ఫలితం పోయి మళ్లీ ఆకుల వైపే మళ్లుతుంది. ఆకులు జానెడు పెరిగాక రోజంతా ఎండ తగిలే చోటికి మార్చొచ్చు. డిసెంబర్‌లోనూ తుఫాను వస్తుంది కాబట్టి నేలలో కన్నా కుండీలోనే నాటమంటున్నాను. వాన మొదలైతే కుండీని వరండాలోకి జరుపుకోవచ్చు.

నీళ్ల సంగతి

మన దగ్గర ఉల్లిపూలను దెబ్బతీసేది ఎక్కువగా నీళ్లే. ఉల్లికి ఉప్పు అస్సలు పడదు. తీరం వెంట చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. అవి పోస్తే ముందు ఆకు కొసలు ఎండుతాయి, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, చివరికి మొక్క గిడసబారిపోతుంది. మునిసిపల్ కుళాయి నీళ్లు, పట్టి ఉంచుకున్న వాన నీళ్లు మంచివి. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు, అవీ వాడొచ్చు. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు వృథా పోతున్నాయని చాలా ఇళ్లలో మొక్కలకు పోస్తుంటారు. వీటికి పోయకండి. బోరు నీళ్లలోని ఉప్పంతా చిక్కబడి చేరేది అందులోనే.

మట్టిలో వేలు పెట్టి చూసి, పైన అంగుళం మేర ఆరితేనే నీళ్లు పోయండి. చలి రోజుల్లో రెండు మూడు రోజులకోసారి సరిపోతుంది. నెల దాటాక గుప్పెడు వర్మికంపోస్ట్ వేయండి. యూరియా వద్దు, ఆకు తెగ పెరిగి పువ్వు వెనకబడుతుంది.

ఆకులను కూరకు కోయొద్దు. లేత ఉల్లికాడలు కళ్ల ముందు కనిపిస్తుంటే ఎవరికైనా మనసు లాగుతుంది. కానీ పువ్వుకు తిండి ఆ ఆకుల నుంచే అందాలి. కూరకు కావాలంటే వేరే కుండీ పెట్టుకోండి.

ఆకుల మీద వెండి రంగు చారలు కనిపిస్తే తామర పురుగులు పట్టినట్టు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని సబ్బు నీటి చుక్కలు కలిపి సాయంత్రం పూట ఆకుల మొదళ్లు తడిసేలా కొట్టండి. ఊదా రంగు మచ్చలు వస్తే ఆ ఆకు తుంచి దూరంగా పారేసి, నీళ్లు ఆకుల మీద పడకుండా మొదట్లోనే పోయండి.

పూకాడ వచ్చాక

నాటిన రెండు నెలలకు అటూ ఇటూగా ఆకుల మధ్య నుంచి గుండ్రటి కాడ లేస్తుంది. కొసన సన్నటి పొర కప్పుకున్న మొగ్గ ఉంటుంది. ఒక్కో ఎర్రగడ్డ నుంచి మూడు నాలుగు కాడలు కూడా రావచ్చు. నాటిన ప్రతి గడ్డా పూస్తుందని మాత్రం అనుకోవద్దు, అందుకే రెండు మూడు కుండీలు పెట్టుకోవడం మంచిది. కాడ లోపల డొల్ల, సాయంత్రం సముద్రపు గాలికి విరిగే ప్రమాదం ఉంది. పక్కన సర్వి పుల్ల గుచ్చి, పాత చీర పేలికతో వదులుగా కట్టండి. మొగ్గ విచ్చుకున్నాక పూలన్నీ ఒకేసారి పూయవు, రెండు మూడు వారాలు పూస్తూనే ఉంటాయి. ఆ రోజుల్లో ఏ మందూ కొట్టొద్దు, తేనెటీగలు వస్తాయి.

పూలు సగం విచ్చుకున్నప్పుడు కోసి జాడీలో పెడితే చాలా రోజులు నిలుస్తాయి. కోసిన వెంటనే ఉల్లి వాసన వస్తుంది, ఒకసారి నీళ్లు మారిస్తే తగ్గిపోతుంది. ఇంట్లో కుక్క, పిల్లి ఉంటే గడ్డలు, ఆకులు వాటికి అందకుండా చూడండి. ఉల్లి జాతి ఏదైనా వాటికి విషమే. పశువులకు కూడా ఈ చెత్త వేయొద్దు.

విత్తనం కావాలంటే గుత్తిని కోయకుండా వదిలేయండి. కాయలు పగిలి నల్లటి గింజలు కనిపించగానే గుత్తిని కాగితం సంచిలోకి కోసి నీడలో ఆరబెట్టండి. ఉల్లి గింజ ఏడాది దాటితే సరిగ్గా మొలవదు, వచ్చే సీజన్‌లోనే చల్లేయాలి.

ఫ్రిజ్ గొడవ వద్దనుకుంటే

గార్లిక్ చైవ్స్ పెంచండి. ఇదీ అల్లియమే, కానీ చలి అక్కర్లేదు. బల్లపరుపు సన్నటి ఆకులు, తెల్లటి నక్షత్రాల్లాంటి పూలు. ఆకు తెల్లగడ్డ రుచితో ఉంటుంది, ఆమ్లెట్‌లో బాగుంటుంది. ఊదా రంగు కావాలంటే సొసైటీ గార్లిక్ ఉంది. అది అల్లియం కాదు గాని దగ్గరి చుట్టం, దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది, వేడిని బాగా ఓర్చుకుంటుంది. రెండింటినీ గుబురు నుంచి విడదీసిన పిలకతో పెంచుకోవచ్చు. రోహిణి కార్తె ఎండల్లో మాత్రం కుండీని చెట్టు నీడకో, గ్రీన్ నెట్ కిందికో మార్చి, రోజూ పొద్దున్నే నీళ్లు పోయండి. గుబురు కుండీ నిండాక, వానాకాలం మొదట్లో తవ్వి, రెండు మూడు పిలకలు కలిపి ఒక ముక్కగా విడదీసి కొత్త కుండీల్లో పెట్టుకోండి.