చెక్క పిడి సేఫ్టీ రేజర్: బ్లేడు బిగింపు నుంచి పిడి సంరక్షణ దాకా

చెక్క పిడి రేజర్ చూడ్డానికి ఎంత బాగుంటుందో, ఇత్తడి పిడి రేజర్ కంటే అంత తేలిక. కొత్తవాళ్ల చెంపలు కోసుకుపోయేది ఎక్కువగా ఇక్కడే. చేతికి బరువు తెలియకపోయేసరికి తెలియకుండానే నొక్కుతారు. ఈ రేజర్‌ను నొక్కకూడదు. కోణం సరిగ్గా ఉంటే బ్లేడే తెగ్గొడుతుంది.

ముందు బిగింపు. పిడి విప్పితే మూడు భాగాలొస్తాయి: పై మూత, కింది పళ్లెం, పిడి. మూతను మధ్య మర పైకి వచ్చేలా తిరగేసి, ఆ మర మీద బ్లేడు పెట్టండి. బ్లేడును పొట్టి చివరల దగ్గరే పట్టుకోవాలి, అంచుల దగ్గర కాదు. పళ్లేన్ని ఎటుపడితే అటు పెట్టకండి. దాని ఒంపు మూత ఒంపులో కూర్చోవాలి. పల్చటి బ్లేడుకు బిగువునిచ్చేది దాన్ని పట్టుకునే భాగమే. జిల్లెట్ కంపెనీ స్థాపకుడు కింగ్ క్యాంప్ జిల్లెట్ 1904లో పొందిన అమెరికా పేటెంట్‌కు మూలం ఈ సూత్రమే. పళ్లెం తిరగబడితే బ్లేడు వంగదు, వదులుగా అదురుతుంది, ఆ అదురే చర్మాన్ని చీరుతుంది. బిగించాక రేజర్‌ను కళ్లకెదురుగా పెట్టి చూడండి. రెండు వైపులా అంచు ఒకే మేర బయటికి కనిపించాలి. ఒకవైపు ఎక్కువగా ఉంటే కొంచెం వదులుచేసి, మూతను సరిచేసి, మళ్లీ బిగించండి.

బిగించేటప్పుడు చెక్కను మెలిపెట్టకుండా దాని పైనున్న లోహపు కట్టును పట్టుకుని తిప్పండి. చాలా పిడుల్లో మర ఉన్న లోహపు గొట్టాన్ని చెక్కలోకి జిగురుతో అతికిస్తారు. చెక్కను బలంగా తిప్పుతూ పోతే ఏదో ఒకరోజు ఆ జిగురు వదులుతుంది.

నురగ విషయంలో మన దగ్గర పెద్ద చిక్కు బోరు నీళ్లే. నీళ్లలో ఉప్పులు ఎక్కువగా ఉంటే సబ్బు విరిగి, నురగ నిలవదు. చేతులు కడుక్కునేటప్పుడే సబ్బు నురగ రావడం లేదంటే, నురగ కోసం ఒక గ్లాసు ఫిల్టర్ నీళ్లు పక్కన పెట్టుకోండి. గోరువెచ్చటి నీళ్లతో ముఖాన్ని రెండు మూడు నిమిషాలు తడిపితే వెంట్రుక మెత్తబడుతుంది. స్నానం చేసిన వెంటనే అయితే ఇంకా మంచిది. తడి బ్రష్‌ను విదిలించి, శనగ గింజంత క్రీమ్ తీసుకుని, చుక్క చుక్కగా నీళ్లు కలుపుతూ తిప్పండి. బ్రష్ ఎత్తితే నురగ కొస వంగి నిలవాలి. కారిపోతే నీళ్లు ఎక్కువయ్యాయి. పెద్ద బుడగలు కనిపిస్తే ఇంకా తిప్పాలి.

ఇక కోణం. పిడిని చెంపకు లంబంగా పట్టుకుని మూతను చర్మానికి ఆనించండి. ఈ స్థితిలో బ్లేడు తగలదు. పిడిని మెల్లగా కిందికి దించుతూ వస్తే, వెంట్రుక తెగే చిన్న గరగర మొదలవుతుంది. అదే సరైన చోటు, బ్లేడుకూ చర్మానికీ మధ్య సుమారు 30 డిగ్రీలు. మణికట్టు తిప్పకుండా, ఒక్కో గీత రెండు మూడు సెంటీమీటర్లకు మించకుండా గీయండి. ఎడమ చేత్తో చర్మాన్ని బిగువుగా లాగి పట్టుకోవాలి. మెడ దగ్గర ఇది మరీ ముఖ్యం.

వెంట్రుకల వాలు అన్నిచోట్లా కిందికే ఉండదు. మెడ మీద పక్కకీ పైకీ కూడా తిరుగుతుంది. రెండు రోజులు పెరిగిన గడ్డాన్ని వేలితో నిమిరి చూడండి: నున్నగా జారేది వాలు, గరుకుగా తగిలేది ఎదురు. మొదటి రెండు వారాలు వాలు వెంటే గీయండి. అలవాటయ్యాక రెండోసారి నురగ రాసి అడ్డంగా గీయవచ్చు. ఎదురు గీత మెడ మీద అందరికీ పడదు. ఉంగరాల వెంట్రుకలైతే తెగిన కొస చర్మంలోకే మొలిచి పొక్కులు లేస్తాయి. అలాంటివాళ్లు ఎదురు గీతను పూర్తిగా మానెయ్యడమే మేలు. గొంతు ముందు ఉబ్బెత్తుగా కనిపించే కంఠమణి మీద నేరుగా గీయకూడదు. చర్మాన్ని పక్కకు లాగి, ఆ ఉబ్బు లేని చోట గీయాలి.

అయ్యాక చల్లటి నీళ్లతో కడిగి, తడి పటిక రుద్ది, ఒక నిమిషం ఆగి కడిగేయండి. ఎక్కడ బాగా మండితే అక్కడ నొక్కారన్న మాట. మరుసటిసారి ఆ చోట చెయ్యి తేలిక చేయండి. పటిక, బ్లేడు రెండూ ఎవరివి వాళ్లకే ఉండాలి. హెపటైటిస్-బి లాంటివి రక్తం ద్వారా అంటుకుంటాయి.

కడిగేటప్పుడు రేజర్ తల కిందికే ఉంచండి, నీళ్లు పిడి వైపు కారకూడదు. మగ్గులో ముంచి ఉంచడం చెక్కకు చేటు. లోహం చెక్కలోకి దిగే చోట తేమ చేరితే చెక్క ఉబ్బి, ఆరాక బీటలిస్తుంది. విదిలించి, పిడిని పొడిగుడ్డతో తుడిచి, బాత్రూం బయట ఆరబెట్టండి. వానాకాలంలో ఇది తప్పనిసరి. బ్లేడు అంచును మాత్రం గుడ్డతో తుడవొద్దు, పదును పాడవుతుంది, గుడ్డతోపాటు వేలూ తెగుతుంది.

పిడి పాలిపోతే, పైన వార్నిష్ లేని చెక్కకు అవిసె నూనె పల్చగా పూసి, పావుగంట తర్వాత మిగులు తుడిచి, చెయ్యికి అంటనంతగా ఆరే దాకా వాడకుండా ఉంచండి. కొబ్బరినూనె ఆరదు, జిడ్డుగానే ఉండి చెయ్యి జారుతుంది. అవిసె నూనె అంటిన గుడ్డను మాత్రం ఉండచుట్టి పారేయకండి, దానంతటదే వేడెక్కి అంటుకోగలదు. ఆరుబయట పరిచి ఆరబెట్టాకే పారేయాలి.

పిడిలోని లోహపు గొట్టం వదులైతే బయటికి లాగి, పాత జిగురు గీకి, రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు కలిపి అతికించి, ఒక రోజు కదపకండి. మర లోపలికి జిగురు పోకుండా చూసుకోండి.

బ్లేడు వెంట్రుకను లాగుతున్నట్టు అనిపించగానే మార్చేయాలి. గడ్డం గట్టిదనాన్ని బట్టి ఇది నాలుగైదు సార్లకు వస్తుంది. పాత బ్లేడును చెత్తబుట్టలో వేస్తే తెగేది పారిశుద్ధ్య కార్మికుల చెయ్యి. మూతకు సన్నటి చీలిక పెట్టిన రేకు డబ్బాలో వేస్తూ, నిండాక చీలికను టేపుతో మూసి, పైన ‘బ్లేడ్లు’ అని రాసి విడిగా ఇవ్వండి.