వార్తలు వినిపిస్తాయి, సినిమా వినిపించదు

సెట్‌టాప్ బాక్స్ వార్తలు సౌండ్‌బార్‌లో ఖంగుమని వినిపిస్తాయి. ఓటీటీ యాప్‌లో సినిమా పెడితే పెదవులు కదులుతాయి, అంతే. కేబుల్ మార్చమన్నాడు దుకాణదారు. కేబుల్ పాడైతే వార్తలు ఎలా వస్తాయి?

టీవీ వెనక ‘ఏఆర్‌సీ’ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టులోనే కేబుల్ ఉంది. హెచ్‌డీఎంఐ పోర్టుల్లో టీవీ శబ్దం బయటికి వచ్చేది దాని నుంచే. హెచ్‌డీఎంఐతో కలిపిన పరికరాలు ఒకదాన్నొకటి నియంత్రించుకునేలా చేసే సీఈసీ కూడా ఆన్‌లో ఉంది. దీన్నే సామ్‌సంగ్ ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది. అందరూ ఒకే పేరు వాడితే వీళ్ల సొమ్మేం పోతుందో!

ఇక చూడాల్సింది శబ్దం ఏ రూపంలో వెళ్తోందన్నది. సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ ‘పాస్‌త్రూ’లో ఉంది. అంటే యాప్ ఇచ్చిన, డాల్బీ డిజిటల్ ప్లస్ అనే కుదించిన రూపంలోని శబ్దాన్ని టీవీ విప్పకుండా ఉన్నదున్నట్లు పంపేస్తోంది. మా పాత బార్‌కు మామూలు డాల్బీ డిజిటల్ వరకే తెలుసు. టీవీయే శబ్దాన్ని విప్పి పంపే ‘పీసీఎం’కు మార్చగానే మాటలు వచ్చేశాయి.

ఏఆర్‌సీ మీద పీసీఎం రెండు ఛానళ్లకే పరిమితం, చుట్టూ ఆరు ఛానళ్లలో వినిపించే 5.1 సరౌండ్ పోతుంది. మా బార్‌కు ఉన్నవే ఎడమ, కుడి స్పీకర్లు కనుక నష్టమేమీ లేదు. వెనక స్పీకర్లు కూడా ఉన్నవారు ముందుగా అదే మెనూలో ‘డాల్బీ డిజిటల్’ ఉందేమో చూసుకోవాలి.