బలం పెంచుకుందాం – 3వ పాఠం: కుర్చీలోంచి లేవడం, నెమ్మదిగా కూర్చోవడం

గత రెండు పాఠాల్లో కండరాలను సాగదీయడం, నడుము నిటారుగా నిలుపుకోవడం చూశాం. సెరిబ్రల్ పాల్సీ (ఎదిగే దశలో మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు, కండరాల అదుపు కుంటుపడే స్థితి) ఉన్న పిల్లలకు సాగదీసే వ్యాయామాలు చిన్ననాటి నుంచీ అలవాటే. బలం పెంచే వ్యాయామాలు మాత్రం చాలామందికి ఎవరూ నేర్పలేదు. బరువుతో పనిచేయిస్తే కండరం ఇంకా బిగుసుకుపోతుందని ఒకప్పుడు చికిత్సకులే నమ్మేవారు. 1990ల నుంచి జరిగిన పరిశోధనల్లో ఆ భయానికి ఆధారం దొరకలేదు. బిగువు పైకి కనబడుతుంది కాబట్టి అందరి దృష్టీ దాని మీదే ఉంటుంది గానీ, దాని వెనుక దాగిన బలహీనత కూడా నడకను అంతగానూ కుంగదీస్తుంది. పదకొండు, పన్నెండేళ్ల వయసు దాటాక ఎముకలు వేగంగా పొడవెక్కి, ఒళ్లు బరువెక్కి, కండబలం ఆ వేగాన్ని అందుకోలేకపోవడం కూడా ఒక కారణమై, అంతవరకూ చక్కగా నడిచిన పిల్లలు కొందరు మోకాళ్లు వంచి నడవడం మొదలుపెడతారు.

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1997లో ప్రచురించిన వర్గీకరణ ప్రకారం సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారి కదలిక సామర్థ్యం అయిదు స్థాయిలుగా ఉంటుంది. ఈ పాఠం మొదటి మూడు స్థాయిల వారికి, అంటే సాయం లేకుండా గానీ, చేతికర్ర లేదా వాకర్ సాయంతో గానీ నడవగలిగేవారికి. నాలుగు, అయిదు స్థాయిల వారికి తుంటి కీలు పక్కకు జరిగే ప్రమాదం ఎక్కువ కనుక, వారు ఫిజియోథెరపిస్టు చూసి చెప్పకుండా దీన్ని చేయరాదు. ఈ మధ్య శస్త్రచికిత్స గానీ బిగువైన కండరాన్ని సడలించే బోటాక్స్ సూదిమందు గానీ అయినవారు, మూర్ఛలు వచ్చేవారు ముందుగా వైద్యుణ్ణి అడగాలి.

చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి పెట్టండి. వాకర్ వాడేవారు దాన్ని ఎదురుగా, చేతికి అందేంత దూరంలో ఉంచుకోండి. స్ప్లింట్లు (కాలికి ఆసరాగా తొడుక్కునే పట్టీలు), బూట్లు వేసుకునే చేయండి. కుర్చీ అంచుకు జరిగి, పాదాలను జానెడు ఎడంగా, మోకాళ్లకన్నా కొద్దిగా వెనక్కి పెట్టి, మడమలు నేలకు ఆనేలా చూసుకోండి. మడమలు లేస్తుంటే పాదాలను ముందుకు జరపకుండా, కుర్చీ మీద దుప్పటి మడతపెట్టి ఎత్తు పెంచుకోండి. ఒక పక్క మాత్రమే బలహీనంగా ఉన్నవారి శరీరం తెలియకుండానే బలమైన కాలి మీద బరువు వేస్తుంది. బలహీనమైన కాలిని బెత్తెడు వెనక్కి పెడితే బరువు దాని మీదికి వస్తుంది.

ఇప్పుడు ముందుకు వంగి, ముక్కు మోకాళ్లను దాటాక పైకి లేవండి. మోకాళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయేమో బీరువా అద్దంలో చూసుకోండి. అవి పాదాల వేళ్ల దిశలోనే ఉండాలి.

అసలు పని కూర్చునేటప్పుడు ఉంటుంది. మనసులో ఒకటి నుంచి నాలుగు వరకు లెక్కపెడుతూ కిందికి దిగండి. చాలామంది సగం వరకు బాగానే దిగి, చివరి జానెడు ఎత్తు నుంచి దబ్బున కూలబడతారు. తొడ ముందు కండరానికీ పిరుదులకూ కష్టమైన భాగం ఆ జానెడే. దాన్ని వదిలేస్తే వ్యాయామంలో ముఖ్యమైన భాగాన్ని వదిలేసినట్టే. అంతవరకు ఆపుకోలేకపోతే కుర్చీ ఎత్తు పెంచండి, కొన్ని వారాలకు ఒక్కో మడత తీసేయండి.

ఇంట్లో పెద్దలకు ఒక విన్నపం. పిల్లవాడు తడబడగానే ప్రేమతో చంక కింద చెయ్యి వేసి లేపుతారు. పడకుండా పక్కన నిలబడండి, కానీ లేచే పని అతన్నే చేయనివ్వండి. ఉన్నట్టుండి గట్టిగా పిలవకండి; ఉలికిపాటుకు కండరాలు ఒక్కసారిగా బిగుసుకుని అదుపు తప్పవచ్చు.

మొదటి రెండు నుంచి నాలుగు వారాలు, వారానికి రెండు రోజులు, ఆరేసిసార్లు ఒక విడత చాలు. తర్వాత వారానికి రెండు నుంచి నాలుగు రోజులు, వరుస రోజులు కాకుండా, ఒక్కో విడతకు ఆరు నుంచి పదిహేనుసార్ల చొప్పున మూడు విడతల వరకు పెంచండి. విడతల మధ్య ఒకటి రెండు నిమిషాలు కూర్చుని ఊపిరి తీసుకోండి. పదిహేనుసార్లు సులువుగా వస్తున్నాయంటే బరువు పెంచే సమయం వచ్చినట్టు. స్కూలు సంచిలో అరకిలో బియ్యం పొట్లం వేసి, ఛాతీ వైపుకు తగిలించుకోండి. వీపున వేసుకుంటే వెనక్కి లాగుతుంది. ఫలితం తెలియాలంటే కనీసం పన్నెండు నుంచి పదహారు వారాలు పడుతుంది. నెల రోజుల్లో తేడా లేదని మానేసేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

మర్నాడు తొడలు పట్టేసినట్టు అనిపించడం సహజం. కీలులో, ముఖ్యంగా తుంటిలో గానీ మోకాలి చిప్ప కింద గానీ పోటు వస్తే ఆపేసి ఫిజియోథెరపిస్టుకు చూపించండి. చలికాలం ఉదయాల్లో బిగువు ఎక్కువ కనుక, వేడినీళ్ల స్నానం అయ్యాక చేస్తే తేలిక.

ఒక నోటుపుస్తకంలో తేదీ, కుర్చీ మీది మడతలు, ఎన్నిసార్లు చేశారో, సంచి బరువు రాసి ఉంచండి. ఆయాసం తెచ్చే వ్యాయామాలను, అంటే గుండెకు, ఊపిరితిత్తులకు పనిచెప్పేవాటిని, వచ్చే పాఠంలో ఆ పుస్తకం చూసుకుంటూ మొదలుపెడదాం.