చెరువు పని మొదలుపెట్టే ముందు ఎవరెవరిని కలవాలి, ఎలా కలవాలి

చెరువు పూడికతీతకు అంచనాలు సిద్ధమయ్యేసరికి ఫైల్లో కొన్ని పేర్లు చేరతాయి. ఇరిగేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్), తహసీల్దార్, సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి, కాంట్రాక్టర్, ‘ఆయకట్టు రైతులు’. దీన్నే స్టేక్‌హోల్డర్ల జాబితా, అంటే ఈ పనితో సంబంధం ఉన్నవాళ్ల జాబితా అంటారు. తెలంగాణ పల్లెల్లో చెరువు పనులు జరిగేటప్పుడు ఊరివాళ్లకూ ఇంజనీర్లకూ మధ్య మాట కలపడం నా ఉద్యోగం. పనిని ఆపగలిగేవాళ్లు, పని వల్ల నష్టపోయేవాళ్లు చాలామంది ఆ ఫైల్లో కనపడరు. వాళ్లను వెతికి, నిర్ణయాలు ఇంకా మార్చడానికి వీలున్నప్పుడే మాట్లాడాలి. టెండర్ అయ్యాక అభిప్రాయం అడిగితే అది అడిగినట్టే కాదు.

వెతకడానికి నేను ఎంచుకున్న పద్ధతి నడక. నీళ్లు వచ్చే వాగు నుంచి చివరి మడి దాకా, వీలైతే నీరటికాడితో కలిసి నడవండి. పొలాలకు నీళ్లు వదిలే తూము ఎత్తేదీ దించేదీ ఆయనే. ఏ మడికి నీళ్లు ఎప్పుడు అందుతాయో, ఎవరికి ఎవరితో పడదో ఆయనకు తెలిసినంత ఏ రికార్డుకూ తెలియదు. శిఖంలోకి, అంటే చెరువు నిండితే మునిగే నేలలోకి దిగితే నీళ్లు వెనక్కి తగ్గగానే దున్నుకునేవాళ్లు, చెరువులో మోటార్లు పెట్టి పైపొలాలకు తోడుకునేవాళ్లు కనిపిస్తారు. కట్ట మీద తాళ్లు గీసే గౌడన్నలుంటారు, మైసమ్మ గుడి ఉంటుంది, రేవులో బట్టలుతికేవాళ్లుంటారు. ఆయకట్టులో పాస్‌బుక్ ఉన్న ఆసామి హైదరాబాద్‌లో ఉంటే, నాగలి పట్టేది కౌలు రైతు. ఆయన పేరు ఏ కాగితంలోనూ ఉండదు కాబట్టి మీరే అడిగి రాసుకోవాలి.

చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే అలుగు దగ్గర ఆగిపోకండి. మన చెరువులు ఎక్కువగా గొలుసుకట్టు చెరువులు, పై చెరువు అలుగు పారితేనే కింది చెరువు నిండుతుంది. అలుగు ఎత్తు ఒక్క అడుగు పెంచాలనుకున్నా కింది ఊరి రైతులు మీ స్టేక్‌హోల్డర్లే. వాళ్లది వేరే పంచాయతీ కావచ్చు, వేరే మండలం కూడా కావచ్చు. ఆ సంగతి ముందుగా వాళ్ల ఊరికి వెళ్లి చెప్పాలి.

ఎవరిని కలిసినా నేను అడిగేవి నాలుగే: ఈ చెరువుతో మీకేం పని, అది ఏ నెలల్లో, జేసీబీ దిగితే మీకేం ఇబ్బంది, ఇంకా ఎవరిని కలవమంటారు. నాలుగో ప్రశ్న మరిచిపోవద్దు. సగం పేర్లు దానివల్లే బయటపడతాయి. రెండో ప్రశ్నకు వచ్చిన జవాబులన్నీ పన్నెండు నెలల పట్టికలో రాయండి. ఎక్కడ గొడవ రాబోతుందో ఆ పట్టికలోనే తెలిసిపోతుంది.

చేపల సంగతే చూడండి. పిల్లల్ని వానాకాలంలో వదులుతారు. నీళ్లు తగ్గాక, ఎండాకాలంలో పట్టుకుంటారు. యాసంగి వరికి నీళ్లు కావాల్సిందీ, చెరువు ఎండితే కాంట్రాక్టర్ మిషన్ దించాలనుకునేదీ దాదాపు అప్పుడే. ఒక ఊళ్లో మత్స్య సహకార సంఘం పెద్దాయన నన్ను వల దగ్గర కూర్చోబెట్టి, “ఇప్పుడే తూము ఎత్తితే మా చేపలేం గావాలె మేడం? ఇంకా అరకిలో కూడ తూగుతలేవు” అన్నాడు. ఏఈ గారిని చెరువు దగ్గరికే పిలిచాం. నీళ్లు లేని పక్క నుంచి తవ్వకం మొదలుపెట్టి, తూము ముందున్న లోతు భాగాన్ని ఆఖరున తవ్వారు. చేపలూ పట్టుకున్నారు, పనీ ఆగలేదు. పని షెడ్యూల్ ఇంకా కాగితం మీదే ఉంది కాబట్టి ఇది కుదిరింది.

ఇలా పేర్లు పోగయ్యాక ఎవరికి ఎంత సమయం ఇవ్వాలో తేల్చుకోవాలి. పలుకుబడి ఎంత, పట్టింపు ఎంత అని నాలుగు గళ్లు గీసే పద్ధతి మేనేజ్‌మెంట్ చదివినవాళ్లందరికీ తెలుసు, మెండెలో అనే పరిశోధకుడి పేరుతో దాన్ని చెబుతారు. చెరువు పనికి నాకు ఆ గళ్లు చాలవు. పలుకుబడి లేనివాళ్లు అందులో కింది మూలకు జారిపోతారు. 1997లో మిచెల్, ఏగిల్, వుడ్ ముగ్గురూ కలిసి చెప్పిన పద్ధతి మేలు. ఈ మనిషికి బలం ఉందా, న్యాయమైన హక్కు ఉందా, తొందర ఉందా అని మూడు ప్రశ్నలు వేసుకోవాలి. చేపలవాళ్లకు హక్కు ఉంది, తొందర ఉంది, బలం లేదు. అలాంటివాళ్ల పక్కన ఎర్ర పెన్నుతో గీత పెట్టి, వాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి. శిఖంలో సాగు చేసేవాళ్లకు బలం, తొందర ఉంటాయి. హక్కు మీద తగాదా ఉంటుంది. ఆ విషయం నలుగురిలో ఎత్తవద్దు. సర్వేయర్‌తో ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) హద్దు చూపించాక, ఇంటికి వెళ్లి విడిగా మాట్లాడండి.

కలిసే చోటు, వేళ వాళ్లు చెప్పినవే కావాలి. గ్రామసభ చట్టప్రకారం అవసరమే, కానీ అక్కడ మైకు పట్టుకునేది ఎప్పుడూ అదే పదిమంది. చేపలవాళ్లు పొద్దున్నే వల తీసేచోట దొరుకుతారు, గొర్లకాపరులు చీకటిపడ్డాక మంద దగ్గర. ఉపాధి హామీకి వెళ్లే ఆడవాళ్లు సద్ది తినడానికి చెట్టు కింద కూర్చున్నప్పుడు మాట్లాడితే, పంచాయతీ ఆఫీసులో నోరు విప్పనివాళ్లు కూడా అన్నీ చెబుతారు.

మాట్లాడేటప్పుడు డ్రాయింగ్ చూపించకండి. కట్ట మీద నిలబడి, “గుంట ఇక్కడ తవ్వుతారట, అక్కా” అని చెయ్యి చాపి చూపించండి. అలా చూపించినప్పుడు ఒక అక్క వెంటనే, “గక్కడ తవ్వితే బతుకమ్మ ఏడ ఎయ్యాలె? పోరగాండ్లు దిగుతరు, లోతెట్ల తెలుస్తది?” అని అడిగింది. బతుకమ్మ నాటికి చెరువు నిండి ఉంటుంది, నీటి కింద నిట్టనిలువు గుంట ఉంటే పైకి కనిపించదు. అది ప్రాణం మీదికి వచ్చే విషయం. రేవు వైపు తవ్వకం ఆపించాం. మిగతాచోట గుంట అంచులు వాలుగా కొట్టించాం, దానివల్ల బర్లు, గొర్లు నీళ్లకు దిగడానికీ దారి దొరికింది. ఇంజనీరింగ్ లెక్కల్లో ఇదేదీ తేలేది కాదు.

పూడిక మట్టి తీసుకునే రైతులను విడిగా కూర్చోబెట్టండి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పటి నుంచి మట్టిని రైతులే సొంత ఖర్చుతో తోలుకోవడం అలవాటైంది. అంటే ట్రాక్టర్ యజమానులు కూడా మీ జాబితాలో ఉండాలి. ట్రిప్పు ధర, వరస, ఏ బాట మీదుగా వెళ్లాలి అన్నవి ముందే ఒప్పుకోకపోతే మూడో రోజుకే టెన్షన్ మొదలవుతుంది. మట్టి పరీక్ష చేయించి, ఎర్ర చెల్కలకు ముందు ఇవ్వండి. నల్లరేగడికి మళ్లీ బంకమట్టి తోలితే ఖర్చే మిగులుతుంది.

చివరిగా, విన్నదాన్ని ఏం చేశారో చెప్పాలి. అడిగింది, ఒప్పుకున్నది, ఒప్పుకోనిది, ఎందుకు ఒప్పుకోలేదు అని పెద్ద అక్షరాలతో చార్టు రాసి పంచాయతీ గోడకు అంటించండి, చదవలేనివాళ్ల కోసం ఒకసారి చదివి వినిపించండి. ‘కుదరదు’ అన్నమాట కారణంతో సహా చెబితే చాలామంది ఒప్పుకుంటారు. పట్టించుకోనట్టు వదిలేస్తేనే మిషన్‌కు అడ్డం పడతారు. జాబితాను సర్పంచ్ మారినప్పుడు, ఏఈకి బదిలీ అయినప్పుడు, తూము రిపేరులాంటి పని కొత్తగా కలిసినప్పుడు తిరగరాయండి. పని ఆగిన రోజు ఎందుకు ఆగిందో నీరటికాడికి, మత్స్య సంఘానికి, ట్రాక్టర్లవాళ్లకు సాయంత్రంలోగా ఫోన్ చేసి చెప్పండి.