థ్రిల్లర్ చూసే చదువు – నాలుగో పాఠం: మొదటి భాగం కన్నా రెండోది ఎందుకు నచ్చింది?

సినిమా హాలు మెట్లు దిగుతూ అందరం ఒక తీర్పు ఇచ్చేస్తాం. "మొదటిదే బాగుందబ్బా" అంటాడొకడు. "కాదు, ఇదే బెటర్" అంటాడు ఇంకొకడు. ఎందుకు అని అడిగితే ఇద్దరి దగ్గరా జవాబు ఉండదు. "స్పీడుగా ఉంది", "బోర్ కొట్టింది" దగ్గరే ఆగిపోతారు. పోయిన పాఠం అభ్యాసాల్లో కూడా ఎక్కువమంది ఇక్కడే ఆగారు. ఆ తీర్పు వెనకున్న కారణాన్ని తెర మీద వేలు పెట్టి చూపించడం ఈ పాఠంలో నేర్చుకుందాం.

ఇందుకు రెండు సినిమాలు తీసుకున్నాను: 2006లో వచ్చిన 'ద డావిన్సీ కోడ్', 2009లో వచ్చిన 'ఏంజెల్స్ అండ్ డెమన్స్'. రెండూ చర్చి చుట్టూ అల్లిన కుట్ర కథలే. దర్శకుడు రాన్ హోవార్డ్, ప్రొఫెసర్ లాంగ్‌డన్‌గా టామ్ హాంక్స్, సంగీతం హాన్స్ జిమ్మర్. రెండిటికీ అదే జట్టు కాబట్టి, తేడా ఎక్కడ వచ్చిందో పట్టుకోవడం తేలిక. నాకు రెండోది చాలా ఎక్కువ నచ్చింది. మీకు అలా అనిపించకపోయినా ఫర్వాలేదు, పద్ధతి అదే. ముందు రెండూ చూసి రండి. రెండో సినిమాలో అసలు దోషి ఎవరో చెప్పను గానీ మిగతా మలుపులు మాట్లాడుకోక తప్పదు.

నోట్‌బుక్ తెరిచి, ఎడమ పేజీ మీద మొదటి సినిమా పేరు, కుడి పేజీ మీద రెండోదాని పేరు రాయండి. ఒక్కో పేరు కింద ఒకే ఒక్క ప్రశ్న రాయాలి. సినిమా అంతా మనల్ని కూర్చోబెట్టి లాక్కుపోయే ప్రశ్న ఏదో అది. నా ఎడమ పేజీలో "రెండు వేల ఏళ్ళ కింద ఏం జరిగింది?" అని ఉంది. కుడి పేజీలో "అర్ధరాత్రి లోపల ఏం జరుగుతుంది?" అని ఉంది.

సగం కారణం ఇక్కడే దొరుకుతుంది. జరిగిపోయినదాని గురించి అడిగితే జవాబు ఎవరో ఒకరు కూర్చుని చెప్పాల్సిందే. జరగబోయేదాని గురించి అడిగితే ఎవరో ఒకరు లేచి పరిగెత్తాలి.

ఇప్పుడు మొదటి సినిమాలో టీబింగ్ అనే ముసలి చరిత్రకారుడి బంగళా సీన్ పెట్టండి. 'లాస్ట్ సప్పర్' చిత్రాన్ని తెర మీద వేసి టీబింగ్ వివరిస్తుంటాడు, లాంగ్‌డన్ మధ్యలో అభ్యంతరం చెబుతుంటాడు, అతనితో పాటు పరిగెత్తుకొచ్చిన సోఫీ వింటుంది. ఆ పదినిమిషాలూ సోఫీ పాత్రకు ఉన్న పని మన తరఫున ప్రశ్నలు అడగడమే. ప్రమాదం ఉంది, కానీ అది గోడ అవతల ఉంది. మాటల్లోకి రావడం లేదు. ఇయాన్ మెక్‌కెలెన్ ఆ పాత్రను అంత ఇష్టంగా చేశాడు కాబట్టి కూర్చోగలిగాం. ఆయన స్థానంలో మామూలు నటుడుంటే ఆ సీన్ అక్కడే కూలిపోయేది.

రెండో సినిమా చెప్పాల్సిన సమాచారం తక్కువేమీ కాదు, పైగా మనకు ఇంకా దూరం. ఒంగోలు వైపు క్రైస్తవుల్లో బాప్టిస్టు సంఘాలదే పెద్ద చరిత్ర. 1878లో మిషనరీ క్లౌ దొర కాలంలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ సంఘాల్లో పోపు లేడు, పోపును ఎన్నుకునే కార్డినల్స్ లేరు. 2025లో పోపు ఫ్రాన్సిస్ పోయి, మే నెలలో పొగగొట్టం నుంచి తెల్లపొగ రావడం టీవీలో చూశాక మనలో చాలామందికి కాంక్లేవ్ (కొత్త పోపును ఎన్నుకునే సమావేశం) అనే మాట తెలిసింది. 2009లో అదీ లేదు. ఓటింగ్ తలుపులు మూసి జరుగుతుందనీ, మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలనీ, పోపు లేని ఆ కొద్దిరోజులూ కామెర్లెంగో అనే అధికారి వ్యవహారం చూస్తాడనీ ప్రేక్షకుడికి ఎవరు చెబుతారు?

సినిమా మొదలు చూడండి. చనిపోయిన పోపు ఉంగరాన్ని పగలగొడుతుంటారు. వెనక వార్తలు చదివే గొంతు వినిపిస్తుంటుంది. చెవికి పాఠం చెబుతూనే ఉన్నా, కంటికి మాత్రం ఒక పని జరుగుతూ కనిపిస్తోంది. బంగారం దెబ్బతింటుంటే మన చూపు అక్కడే ఉంటుంది, విషయం చెవిలోంచి దిగిపోతుంది. పాఠం చెప్పిన సంగతి మనకే తెలియదు. మీ నోట్‌బుక్‌లో ఇలాంటి సీన్ల పక్కన 'పనిలో చెప్పాడు' అనీ, బంగళా లాంటి సీన్ల పక్కన 'ఆగి చెప్పాడు' అనీ రాసుకుంటూ పోండి. రెండు పేజీలూ నిండాక లెక్క చూస్తే నేను వేరే వాదించాల్సిన పని ఉండదు.

ఇదే సినిమాలో ఇంకో సీన్ మీద కాస్త ఎక్కువసేపు నిలబడదాం, ఈ పాఠమంతటికీ నాకు బాగా ఇష్టమైనది అది. లాంగ్‌డన్‌కు వాటికన్ పత్రాల గదిలోకి వెళ్ళే అనుమతి కావాలి. కామెర్లెంగో (ఇవాన్ మెక్‌గ్రెగర్) అతన్ని అడిగేది ఒక్కటే: నువ్వు దేవుణ్ణి నమ్ముతావా? లాంగ్‌డన్ అబద్ధం చెప్పడు, గొప్పలకూ పోడు. విశ్వాసం ఒక వరం, అది తనకింకా దక్కలేదు అన్న అర్థం వచ్చేలా జవాబిస్తాడు. తర్వాత తలుపు తెరుచుకుంటుంది.

మొదటి సినిమాలో నమ్మకం మీద ఇంతకు పదింతల చర్చ ఉంది. కానీ ఆ చర్చలో ఎవరు గెలిచినా ఆ క్షణాన ఏ తలుపూ తెరుచుకోదు. ఇక్కడ ఒక్క జవాబు తప్పితే కథ అక్కడే ఆగిపోతుంది, బందీలైన నలుగురు కార్డినల్స్ ప్రాణాలు పోతాయి. భక్తి ఉన్న ప్రేక్షకుడైనా, లేనివాడైనా ఊపిరి బిగబట్టి వినేది అందుకే. డైలాగ్ బరువు దానికున్న పనిని బట్టి వస్తుంది.

ఆ గదిలోకి వెళ్ళాక ఏమవుతుంది? చేతిలో గెలీలియో పుస్తకం. లాంగ్‌డన్ చదివి అర్థం చేసుకోవాలని చూస్తుంటాడు. టైమ్ లేదు. విట్టోరియా ఆ పేజీని పర్రున చింపేస్తుంది! పాత కాగితాన్ని ప్రాణంగా చూసుకునే ప్రొఫెసర్ ముందు ఒక సైంటిస్టు ఆ పని చేసిందంటే, టెన్షన్ ఎంతుందో వేరే డైలాగ్ రాయాల్సిన అవసరం లేదు. గడువు మనిషి చేత చేయకూడని పని చేయించిందా? థ్రిల్లర్‌ను తూచడానికి నేను వాడే ప్రశ్న అది. మొదటి సినిమాలో హత్య, పోలీసులు, పరుగు అన్నీ ఉన్నా గడువు లేదు. రేపు కనుక్కున్నా ఆ రహస్యం అక్కడే ఉంటుంది.

రెండోదాని గడువు కట్టిన తీరు చూడండి. కార్డినల్స్‌ను ఎత్తుకుపోయినవాళ్ళు రాత్రి ఎనిమిది నుంచి గంటకొకరిని చంపుతామంటారు. భూమి, గాలి, నిప్పు, నీరు వరస. అర్ధరాత్రికి బాంబు. భూమికి శాంటా మారియా డెల్ పోపోలో చర్చిలో కీజీ ప్రార్థనామందిరం, గాలికి సెయింట్ పీటర్స్ చౌరస్తా, నిప్పుకు శాంటా మారియా డెల్లా విట్టోరియా, నీటికి పియాజ్జా నవోనాలో నాలుగు నదుల ఫౌంటెన్. నాలుగు చోట్లా శిల్పి బెర్నీనీ పనితనం నిజంగానే ఉంది. అన్నీ ఒకే నగరంలో, కారులో దూసుకుపోతే అందుకోగలిగినంత దూరంలో ఉన్నాయి. అందుకే ప్రతిసారీ 'అందుతాడేమో' అనిపిస్తుంది. మొదటిసారి అందదు, రెండోసారీ మూడోసారీ అంతే. ఇక నాలుగోసారీ ఇంతేలే అని మనం సర్దుకునే వేళకు లాంగ్‌డన్ ఫౌంటెన్‌లోకి దూకి మనిషిని బతికిస్తాడు. అంతకు ముందు మూడు ఓటములు లేకపోతే ఆ నీళ్ళలో అంత ఆనందం ఉండేది కాదు.

అబద్ధాల సంగతి త్వరగా చెప్పేస్తాను. రెండు సినిమాల్లోనూ చరిత్ర వంకరే. రెండోది గెలీలియోను ఇల్యూమినాటి సభ్యుడంటుంది, కానీ అతను 1642లో చనిపోయాడు. ఇల్యూమినాటి అనే రహస్య సంఘం బవేరియాలో పుట్టింది 1776లో. కాబట్టి అతను అందులో ఉండే వీలే లేదు. సినిమాలో బాంబు యాంటీమేటర్‌తో (మామూలు పదార్థాన్ని తాకితే పేలిపోయే ప్రతిపదార్థం) చేసింది. ఇంతవరకూ మనుషులు తయారుచేసిన యాంటీమేటర్ మొత్తం కలిపినా గ్రాములో కోటోవంతు రాదు, దానితో వాటికన్ పేలదు. అయినా ఇది ఒక యంత్రం గురించిన అబద్ధం. మొదట్లో ఒక్కసారి ఒప్పుకుంటే సినిమా అయ్యేదాకా మళ్ళీ అడ్డురాదు. మొదటి సినిమా అబద్ధం కోట్లమంది కొలిచే క్రీస్తు జీవితం గురించి, ఆయనకు పెళ్ళయి సంతానం ఉందని. 2006లో మన రాష్ట్ర ప్రభుత్వం దాన్ని నిషేధించింది, హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. కోర్టు చేసింది సరైన పనే అని నా అభిప్రాయం. కానీ నొచ్చుకున్నవాళ్ళ బాధ నాటకం కాదు. అలాంటి చోట ప్రేక్షకుడు కథతో పాటు పరిగెత్తలేడు, ప్రతి మాట దగ్గరా 'ఇది నిజమా' అని ఆగుతాడు. రెండో సినిమాలో చివరకు కార్డినల్ స్ట్రాస్, మా గురించి రాసేటప్పుడు కాస్త మెత్తగా రాయమని లాంగ్‌డన్‌ను అడుగుతాడు. సినిమా కూడా ఆ మర్యాద పాటించింది.

పోలిక రాసేటప్పుడు ఓడినదాని బలం రాయకపోతే మీ మాట ఎవరూ నమ్మరు. అక్షరాల చక్రాలు తిప్పి తెరవాల్సిన క్రిప్టెక్స్ ఉంది చూశారూ, బలవంతంగా తెరిస్తే లోపలి వెనిగర్ కాగితాన్ని కరిగించేస్తుంది. అంత మంచి వస్తువు రెండో సినిమాలో ఎక్కడా లేదు. డావిన్సీ కోడ్ చూసొచ్చాక ఇంటిదాకా వాదించుకుంటాం. రెండోది చూశాక వాదించుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. హెలికాప్టర్, పారాచూట్ భాగం నాకు మింగుడు పడదు కూడా. ఇవన్నీ ఒప్పుకున్న తర్వాత కూడా, మళ్ళీ చూడమంటే నా చెయ్యి రెండోదాని మీదకే పోతుంది.

ఈ వారం అభ్యాసం. నెల్లూరులో ఒక రాత్రి, నాలుగు గుర్తులు, గంటకో చోటు చొప్పున ఒక కథ దారి గీయండి. రెండు చోట్లు నేనిస్తాను. గాలికి రంగనాయకుల గుడి గాలిగోపురం, పేరులోనే గుర్తు ఉంది. నీటికి స్వర్ణాల చెరువు, ఒడ్డున బారాషహీద్ దర్గా. రొట్టెల పండుగ రోజు పెట్టుకుంటారా, మామూలు రాత్రి పెట్టుకుంటారా అన్నది మీరే తేల్చుకోండి. జనం ఉంటే పరుగు కష్టం, దాక్కోవడం సులువు. నిప్పుకు నరసింహకొండ పనికొస్తుందేమో చూడండి. సప్తర్షులు యాగం చేసిన హోమగుండాలే ఇప్పటి కోనేర్లని స్థలపురాణం. నిప్పు కోసం వెతుకుతూ వచ్చిన హీరోకు నీళ్ళు కనిపిస్తాయి. భూమి మీకే వదిలేస్తున్నాను. ఉదయగిరి కోట పెట్టాలని చెయ్యి లాగుతుంది, కానీ అది నెల్లూరుకు వంద కిలోమీటర్ల దరిదాపు. గంటలో అందదు, గడువు అక్కడే చచ్చిపోతుంది. దూరం చూసుకుని పెట్టండి.

గుడి, దర్గా, చర్చి ఏది వచ్చినా, అక్కడ రోజూ దండం పెట్టుకునే మనిషొకరు మీ కథలో కనపడాలి. ఆ మనిషికి ఒక పని ఉండాలి, ఊరికే దారి చెప్పి వెళ్ళిపోకూడదు. మొత్తం ఒక పేజీ దాటొద్దు. గీసిన దారి పక్కన, ఏ గంటలో హీరో ఓడతాడో, ఏ గంటలో గెలుస్తాడో గుర్తు పెట్టండి.

వచ్చే పాఠం శబ్దం గురించి. ఈ రెండు సినిమాల్లో ఒకదాన్ని ఓ పదినిమిషాలు తెర వైపు చూడకుండా విని, వినిపించినవి వరసగా రాసుకుని రండి.