గ్రహణం మొర్రితో బిడ్డ పుట్టినప్పుడు చేయవలసినవి

పై పెదవి చీలి బిడ్డ పుట్టగానే మన ఇళ్లలో బాలింతను మొదట అడిగే ప్రశ్న, గ్రహణం నాడు ఏం చేశావని. లోపం పేరులోనే ఆ నింద ఉంది. అయితే శిశువు పై పెదవి గర్భం దాల్చిన 4 నుంచి 7 వారాల మధ్య, అంగిలి (నోటి పైకప్పు) 6 నుంచి 9 వారాల మధ్య, రెండు పక్కల నుంచి పెరిగి వచ్చే కణజాలం మధ్యలో అతుక్కోవడం వల్ల ఏర్పడతాయి. ఆ అతుకు పూర్తికాని చోట చీలిక మిగులుతుంది. ఏడో నెలలో పట్టిన గ్రహణం, రెండో నెలలోనే రూపుకట్టిన పెదవిని చీల్చలేదు. గ్రహణం పూట గర్భిణిని నీళ్లయినా ముట్టనివ్వకుండా చీకటి గదిలో కదలకుండా పడుకోబెడితే ఆమెకు నీరసం వస్తుందే తప్ప బిడ్డకు ఏ రక్షణా కలగదు. ప్రపంచంలో సుమారు 700 మంది శిశువుల్లో ఒకరికి వచ్చే ఈ లోపానికి చాలా సందర్భాల్లో ఒక్క కారణమంటూ చూపలేము.

పెదవి చీలిక అందరికీ కనిపిస్తుంది, అంగిలి చీలిక కనిపించదు. అందుకే పుట్టిన రోజునే నోరు తెరిచి, టార్చి వెలుగులో కొండనాలుక దాకా చూడమని వైద్యులను అడగాలి. దవడ మరీ చిన్నదిగా ఉన్నా, ఊపిరి ఎగపోస్తున్నా, పాలు తాగేటప్పుడు నీలిబారుతున్నా వెంటనే చూపించాలి. గుండె వంటి ఇతర అవయవాలలో లోపం ఉందేమో కూడా పరీక్షించవలసి ఉంటుంది.

శస్త్రచికిత్స దాకా తల్లిదండ్రుల చేతిలో ఉన్న అసలు పని పాలు పట్టడమే. పెదవి మాత్రమే చీలిన బిడ్డలు చాలామంది తల్లి రొమ్మునే తాగగలరు. రొమ్ము ఆ సందును మూసేలా పట్టుకుంటే చాలు. అంగిలి చీలినప్పుడు నోట్లో గాలి నిలవదు కనుక బిడ్డ ఎంత ఆకలితో ఉన్నా పాలు లాగలేదు. అప్పుడు తల్లిపాలు పిండి, శుభ్రంగా మరిగించిన చెంచాతోగాని ఉగ్గుగిన్నెతోగాని, బిడ్డ తల ఎత్తుగా ఉండేలా ఒడిలో ఏటవాలుగా కూర్చోబెట్టుకొని, మింగే వేగాన్ని బట్టి కొద్దికొద్దిగా పట్టాలి. పడుకోబెట్టి పోయకూడదు. గాలి ఎక్కువగా మింగుతారు కాబట్టి మధ్యమధ్య భుజాన వేసుకొని త్రేన్పు తెప్పించాలి. ముక్కులోంచి కొంచెం పాలు రావడం ఈ బిడ్డలలో మామూలే; ఒక్క క్షణం ఆపి, తుడిచి, మళ్లీ పట్టవచ్చు. ఒక్కో విడతకు అరగంట మించితే బిడ్డ తాగిన బలమంతా ఆ శ్రమకే ఖర్చవుతుంది. వారానికొకసారి తూకం చూసి రాసిపెట్టుకోవాలి. రెండు వారాలకైనా పుట్టిన బరువుకు తిరిగి చేరకపోతే ఆలస్యం చేయకూడదు.

ఆ తూకం మీదనే శస్త్రచికిత్స ఆధారపడి ఉంటుంది. పెదవిని సాధారణంగా 3 నుంచి 6 నెలల మధ్య, అంగిలిని 9 నుంచి 18 నెలల మధ్య సరిచేస్తారు. పెదవి అందంగా అతికిందని అంగిలిని వాయిదా వేయడం పెద్ద పొరపాటు, ఎందుకంటే మాటలు నేర్చే వయసుకు అంగిలి మూసుకోకపోతే మాట ముక్కుతో వస్తుంది, ఆ అలవాటును తరువాత మాన్పించడం కష్టం. ఈ పిల్లలకు చెవిలో నీరు చేరి వినికిడి తగ్గే అవకాశం ఎక్కువ కనుక చెవి పరీక్ష, అవసరమైతే మాట శిక్షణ, పళ్ల వరుస చికిత్స కూడా కొనసాగాలి.

ఖర్చుకు భయపడి ఇంట్లో కూర్చోవద్దు. పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాలను గుర్తించి ఉచితంగా చికిత్స చేయించేందుకు 2013లో మొదలైన ప్రభుత్వ పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరిధిలో ఈ లోపం ఉంది. ఆశా కార్యకర్తనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్నో అడిగితే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. స్మైల్ ట్రైన్ సంస్థ సహకారంతోనూ కొన్ని ఆసుపత్రులు ఉచితంగా శస్త్రచికిత్స చేస్తున్నాయి.

మరో బిడ్డను కోరుకునే దంపతులు, ముఖ్యంగా మేనరికమైతే, ముందుగా జన్యు సలహా తీసుకోవడం మంచిది. గర్భానికి ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వాడాలి, ఇంట్లో పొగ మానాలి, మధుమేహాన్ని అదుపులో ఉంచుకోవాలి. మూర్ఛకు వాడే కొన్ని మందులు ఈ చీలికల ముప్పును పెంచుతాయి. అయితే వాటిని సొంతంగా ఆపివేయకుండా, గర్భం దాల్చకముందే వైద్యుని కలిసి మార్పించుకోవాలి.